మూడో పాటలో పుల్ల పడాలి

"నేను పుల్ల పడెయ్యను," అంది ఆ అమ్మాయి, తడిసిన కోటు ఇంకా విప్పకుండానే.

మా బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించడానికి వచ్చిన మనిషి నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. హలో లేదు, పేరు లేదు. బయట ఇంగ్లండ్ తూర్పు తీరపు హల్ వాన పడుతోంది. మా ఊరి వాన నిలువుగా పడదు, అడ్డంగా వస్తుంది, గొడుగుని లెక్కచెయ్యదు. ఆమె జుట్టులోంచి నీళ్లు పబ్ వెనకగది కార్పెట్ మీద కారుతున్నాయి. ఆ కార్పెట్ అంతకన్నా ఘోరమైనవి చూసింది కాబట్టి నేనేమీ అనలేదు.

"ఎవరు పడెయ్యమన్నారు?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"తలుపు మీద అంటించారుగా, బెంట్ స్పూన్స్ పాటలు వాయించే బ్యాండ్‌కి డ్రమ్మర్ కావాలని. అంటే మూడో పాటలో పుల్ల పడాలి. అందుకే ముందే చెప్తున్నా. నా పేరు టిల్డా. నా చేతిలోంచి డ్రమ్ము పుల్ల పడదు. పడి తీరాలంటే చెప్పు, బస్సు ఇంకా వెళ్లిపోలేదు."

ఇక్కడ కొంచెం చెప్పాలి. బెంట్ స్పూన్స్ మా ఊరి పంక్ బ్యాండు, తిరుగుబాటే సంగీతమనుకునే రకం. డెబ్బై ఏడులో ఒక మాంసం కొట్టు మీది గదిలో, ఒకే ఒక్క మధ్యాహ్నంలో 'రాంగ్ బస్' అనే ఆల్బమ్ రికార్డు చేశారు. వాళ్లలో ఒక్కరికీ సరిగ్గా వాయించడం రాదు. పాడినవాడికి గొంతు లేదు, కోపం ఉంది. ఆ ఒక్క ఆల్బమ్ చేసి, తన్నుకుని, విడిపోయారు. అది విన్న ప్రతివాడూ "వీళ్లకే ఇంత పేరొస్తే నాకేం తక్కువ" అనుకుని గిటార్ కొన్నాడు. దాని పుణ్యమా అని ప్రపంచంలో ఎంత చెత్త సంగీతం పుట్టిందో చెప్పలేను. మంచిది కూడా కొంచెం పుట్టింది.

మా స్కూలు హెడ్మాస్టరు పిక్క మీద ఆ ఆల్బమ్ అట్ట పచ్చబొట్టుగా ఉంది. రాజ్యాన్ని తగలెయ్యమని అరిచిన పాటలు ఇప్పుడు సూపర్‌మార్కెట్‌లో చేపలు ఏరుకుంటుంటే వినపడతాయి. ప్రతి సెప్టెంబరులో రాంగ్ బస్ దినం జరుగుతుంది. ఆ రోజు జనమంతా కావాలని తమది కాని బస్సెక్కి, ఎక్కడో దిగి, అక్కడి పబ్‌లో తాగుతారు. మొదట్లో పోలీసులు వచ్చేవాళ్లట. ఇప్పుడు కౌన్సిల్ వాళ్లే అదనపు బస్సులు వేస్తున్నారు, తప్పు బస్సు టైముకి రావాలని.

ఇక మూడో పాట. దాని పేరు 'క్యూ'. సగంలో డ్రమ్స్ ఠక్కున ఆగిపోతాయి. పుల్ల పడ్డ చప్పుడు, ఎవరిదో మగగొంతు మూలుగు, తరవాత డ్రమ్స్ వాయించే ఆమె గొంతు, "నీ మొహం మండ" అని. ఆ వెంటనే పాట రెట్టింపు వేగంతో మళ్లీ మొదలవుతుంది. ఆ పాటని ఎవరు, ఎక్కడ వాయించినా డ్రమ్మర్ అక్కడ పుల్ల పడెయ్యాలి. జనమంతా ముక్తకంఠంతో "నీ మొహం మండ" అనాలి. గుళ్లో హారతి టైముకి గంట కొట్టకపోతే ఎలా ఉంటుందో, అక్కడ పుల్ల పడకపోతే అలా ఉంటుంది.

"అది మామూలు పడటం కాదు," అన్నాను టిల్డాతో. పగలు కళ్లజోళ్ల షాపులో జనాల ముక్కుల మీద ఫ్రేములు సరిచేస్తాను కాబట్టి ఓపిగ్గా వివరించడం నాకు అలవాటు. "అది నిరాకరణ. యంత్రంలా సాగే లయని ఒక మనిషి చెయ్యి వద్దనడం. ఆ మూలుగు శ్రామికవర్గం నిట్టూర్పు. నీ మొహం మండ అన్నది ప్రభుత్వాన్ని. దీని మీద ఒకాయన పుస్తకంలో ఒక అధ్యాయమే రాశాడు."

"ఆయనెప్పుడైనా డ్రమ్స్ వాయించాడా?"

"లేదు."

"శ్రామికుడా?"

"ప్రొఫెసర్."

టిల్డా కోటు విప్పి కుర్చీ మీద వేసింది. "ఎవరికో ఎప్పుడో జరిగిన పొరపాటుని మీరు వారంవారం ప్రాక్టీసు చేసి మరీ చేస్తున్నారు. పొరపాటుకి రిహార్సలేంటి? పంక్ అంటావు, చేసేది భజన."

"వాయించు చూద్దాం," అన్నాను గంభీరంగా.

వాయించింది. మా బేస్ వాయించే డడ్లీ తింటున్న చిప్స్ పొట్లం పక్కన పెట్టేశాడు. వాడు అలా పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె వాయిస్తున్నంతసేపూ కింది పెదవి పళ్లతో నొక్కి పట్టుకుంది. ఎవరి మీదో పాత కోపం తీర్చుకుంటున్నట్టు ఉంది. ఆ కోపం నా మీదైనా బావుండునని నాకు అనిపించింది. ఏ మగాడూ ఏరికోరి కోరుకోకూడని కోరిక అది.

"సరే," అన్నాను. "పుల్ల పడక్కర్లేదు. మాటిస్తున్నా."

"కచ్చితంగా?"

"రస్టీ నెయిల్ మీద ఒట్టు."

ఆమె నన్ను అదోలా చూసి నవ్వింది. ఎందుకు నవ్విందో నాకు ఆ తరవాత గానీ అర్థంకాలేదు.

* * *

రస్టీ నెయిల్ అంటే రాంగ్ బస్‌లో డ్రమ్స్ వాయించిన ఆమె. అసలు పేరు ఎవరికీ తెలీదు. అట్ట బొమ్మలో తలకి కాగితం సంచీ తగిలించుకుని బస్‌స్టాప్‌లో కూచుంటుంది. బెర్లిన్‌లో ఉందని కొందరంటారు, సన్యాసినుల్లో కలిసిపోయిందని కొందరు. నా మటుకు నాకు ఆమె దేవత. నా మంచం ఎదురుగా ఆ కాగితం సంచీ పోస్టరే ఉంటుంది.

టిల్డాకి కుక్కలకి స్నానాలు చేయించే షాపులో పని. సాయంత్రం రిహార్సల్‌కి వచ్చేటప్పటికి ఆమె దగ్గర లావెండర్ సబ్బు వాసన, దాని కింద ఏదో ఒక కుక్క వాసన వచ్చేవి. తరవాత ఇద్దరం బస్‌స్టాప్ దాకా నడుస్తూ చిప్స్ మీద ఎర్రటి మసాలాపొడి చల్లుకుని, ఒకే పొట్లంలోంచి తింటూ పోట్లాడుకునేవాళ్లం.

"నువ్వు రాజ్యాన్ని కూల్చమని పాడేటప్పుడు కూడా మైకు తుడుచుకుని పాడతావు కర్టిస్," అనేది.

"జలుబులు అంటుకుంటాయి."

"అదే చెప్తున్నా. విప్లవం వస్తే నువ్వు స్వెట్టర్ వేసుకుని వస్తావు."

"చలిగా ఉంటే వేసుకోనా?"

నవ్వుతూ నా భుజాన్ని తన భుజంతో తోసేది. వాన వచ్చేది. ఆమె బస్సు వచ్చేది. నేను ఎక్కాల్సింది అది కాదు. అయినా ఎక్కేవాణ్ణి. అలా నేను సెప్టెంబరు రాకుండానే రాంగ్ బస్ దినం చేసుకోవడం మొదలుపెట్టాను. డ్రైవరు నన్ను చూసి, "ఈ బస్సు మీ ఇంటికి పోదు కదా బంగారం," అనేవాడు. మా ఊళ్లో బస్సు డ్రైవరు నుంచి పళ్ల డాక్టరు దాకా అందరూ అందర్నీ బంగారం అనే పిలుస్తారు.

అనని మనిషి నాకు తెలిసి ఒక్కరే. నాకు కారు నేర్పే లినెట్ గారు. అరవై దాటిన ఆవిడ. బూడిదరంగు జుట్టు, బూడిదరంగు కారు. ఆవిడ అందర్నీ "బాబూ" అంటుంది. నేను అప్పటికి పరీక్ష తప్పుతూనే ఉన్నాను. ఆవిడ ఓర్పుగా నేర్పుతూనే ఉంది. ఎమర్జెన్సీ స్టాప్ అని ఒకటుంటుంది. ముందు చెప్పకుండా ఆవిడ అరచేత్తో డాష్‌బోర్డు మీద ఫాట్‌మని చరుస్తుంది. ఆ క్షణమే కాలు బ్రేకు మీద పడాలి. పరీక్షలో నాకు సరిగ్గా వచ్చేది అదొక్కటే. రాత్రి కల్లో ఎవరైనా చప్పట్లు కొట్టినా నా కాలు మంచాన్ని తన్నేది.

ఒకసారి కార్లో 'రాంగ్ బస్' పెట్టాను.

"ఆ గోల ఆపు బాబూ," అంది లినెట్ గారు. "ఇండికేటర్ చప్పుడు వినపడట్లేదు."

పాపం పెద్దావిడ, ఈ సంగీతం ఆవిడకి ఏం తెలుస్తుందిలే అనుకుని ఆపేశాను.

* * *

ఆదివారం భోజనానికి వాళ్ల అమ్మమ్మ ఇంటికి రమ్మంది టిల్డా. షాపులో నేనే ఎంచుకున్న మంచి ఫ్రేము పెట్టుకుని, పువ్వులు పట్టుకుని వెళ్లాను. తలుపు తీసింది లినెట్ గారు.

"మా పిల్ల చెప్పిన అబ్బాయి అద్దం చూసుకోకుండా లేన్ మారే నువ్వేనన్నమాట," అంది. "రా. చెప్పులు తుడుచుకో."

లోపల వాళ్లాయన రెగ్ గారు గ్రేవీ కలుపుతున్నాడు. నెమ్మదైన మనిషి. ఎడమ కనుబొమ మధ్యలో గీత గీసినట్టు వెంట్రుకలు లేవు. నేను దాన్ని చూడటం చూసి, "సైకిల్ మీంచి పడ్డాను బంగారం, ఎప్పుడో," అన్నాడు. లినెట్ గారు బంగాళదుంపల గిన్నె టేబుల్ మీద కాస్త గట్టిగా పెట్టింది.

పొంగిన రొట్టెల్లాంటి యార్క్‌షైర్ పుడ్డింగ్ గ్రేవీలో ముంచుకుని తింటూ నేను రాంగ్ బస్ గురించి ఉపన్యాసం అందుకున్నాను. నిరాకరణ, యంత్రం, నిట్టూర్పు, అన్నీ. టిల్డా తలొంచుకుని తింటోంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. రెగ్ గారు నిట్టూర్పు దగ్గర పొలమారి దగ్గాడు.

"రస్టీ నెయిల్ బతికుంటే ఒక్కటే అడుగుతాను," అన్నాను చివర్లో. "ఆ క్షణంలో మీ మనసులో ఏముంది అని."

"బతికే ఉన్నాను," అంది లినెట్ గారు. "ఇంకో పుడ్డింగ్ వేసుకో."

నా చేతిలోంచి ఫోర్కు పడిపోయింది. "చూశావా, పడటమంటే అదీ," అంది టిల్డా. ఇక ఆపుకోలేక టేబుల్ మీద తల పెట్టి నవ్వింది.

నేను దేవత పక్క సీట్లో కూచుని ఇన్ని నెలలుగా కారు గోడలకి గుద్దానన్నమాట. "మరి ఆ పుల్ల..." అన్నాను.

"చేతికి చెమట పట్టింది. జారింది. అంతే. ఈ సంగతి ఊళ్లో చెప్పావంటే నువ్వు జన్మలో లైసెన్సు చూడవు. ఎక్కడికెళ్లినా పుల్ల గురించి అడుగుతారనే నేను సంచీ తియ్యలేదు."

గుమ్మం దాకా వచ్చి టిల్డా అంది, "ఇప్పుడైనా తెలిసిందా? చెమట. దానికి ఊరంతా భజన. అందుకే పడెయ్యనన్నా. మా అమ్మమ్మకి జరిగినదాన్ని నేను నటించను. నాకేదైనా జరగాలంటే నాకే జరగాలి. నువ్వు మాటిచ్చావు, గుర్తుందిగా? లీడ్స్‌లో ఒక బ్యాండు వాళ్లు రమ్మంటున్నారు. నీ మాట మీదే ఆగాను."

"మాట మీదేనా?" అన్నాను.

"మాటన్నది నోట్లోంచే కదా వచ్చేది," అని నా నోటిని ముద్దు పెట్టుకుని తలుపు వేసేసుకుంది. మా ఇల్లు చాలా దూరం. అయినా బస్సెక్కలేదు.

* * *

రాంగ్ బస్ దినం నాటి మధ్యాహ్నం మేం వాయించాల్సింది థర్స్టీ గల్ పబ్‌లో. దాని యజమాని నెవిల్. పొట్ట మీద బెంట్ స్పూన్స్ టీషర్టు సాగిపోయి, స్పూన్లు నిటారైపోయిన మనిషి. ముందురోజు నన్ను పక్కకి పిలిచాడు.

"కొత్త డ్రమ్మర్ పుల్ల పడెయ్యదని విన్నా. అబద్ధమేగా?"

"అంటే..."

"నార్వే నుంచి వస్తున్నారు జనం ఆ పుల్ల కోసం. పడకపోతే ఇంకో బ్యాండు రెడీగా ఉంది. వాళ్ల డ్రమ్మర్ రెండు పుల్లలూ పడేస్తాడు."

"పడుతుంది," అన్నాను. నా నోరు నన్ను అడక్కుండానే అనేసింది.

అలా టిల్డాకి పడదని మాటిచ్చినవాణ్ణి నెవిల్‌కి పడుతుందని మాటిచ్చాను. రాత్రంతా ఆలోచించి గొప్ప ఉపాయం కనిపెట్టాను. ఒక పుల్ల నేనే కొనుక్కుని వీపు వెనక ప్యాంటులో దోపుకుంటాను. ఆ క్షణం రాగానే, టిల్డా వాయిస్తూనే ఉంటుంది, నేను మెల్లిగా తీసి నేల మీద పడేస్తాను. జనానికి చప్పుడు, ఆమెకి న్యాయం. ఇంతకన్నా తెలివిగలవాడు హల్‌లో పుట్టలేదనుకున్నాను.

పబ్ కిటకిటలాడుతోంది. మోకాళ్ల నొప్పులున్న పాత పంకులు, జుట్టు నిలబెట్టిన కొత్త పంకులు, వాళ్ల పిల్లలు. ముందువరసలో గుండ్రటి బల్ల దగ్గర లినెట్ గారు, రెగ్ గారు. ఆవిడ ముందు టీ కప్పు. దేవత ఇక్కడే కూచుందని ఎవడికీ తెలీదు.

మొదటి పాట అయింది, రెండో పాట అయింది. 'క్యూ' మొదలైంది. ఆ క్షణం దగ్గరికొస్తోంది. జనం గుప్పెళ్లు పైకెత్తి ఎదురుచూస్తున్నారు. నేను పాడుతూనే, గిటార్ మీంచి కుడిచెయ్యి తీసి వీపు వెనక్కి పోనిచ్చాను. లినెట్ గారు చూసింది. అద్దాల్లో వెనక కార్లని కనిపెట్టే కళ్లు అవి. టీ కప్పు పక్కకి జరిపి, అరచేత్తో బల్ల మీద ఫాట్‌మని చరిచింది.

నా కాలు నేలని తన్నింది. పాట ఆగిపోయింది. నేను కూడా ఆగిపోయాను, నిలువునా, ఎర్రలైటు దగ్గర కారులా. నేనాగితే డడ్లీ ఆగాడు. ఏమైందో అర్థంకాక టిల్డా కూడా ఆగింది. పబ్ మొత్తం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నా ప్యాంటులోంచి పుల్ల జారి, స్టేజి మీద పడి, దొర్లుకుంటూ వెళ్లి డ్రమ్స్ ముందు ఆగింది.

"అది నాది కాదు," అంది టిల్డా. మైకులో అందరికీ వినపడింది. "నావి రెండూ నా చేతుల్లోనే ఉన్నాయి."

"టిల్డా, నేను చెప్పేది విను."

"నెవిల్‌కి మాటిచ్చావా?"

"ఇచ్చాను."

"నాక్కూడా ఇచ్చావు."

"నీకు ముందిచ్చాను," అన్నాను, అదేదో ఘనకార్యంలా. వెనక నుంచి ఎవరో ముసలి పంకు "పోయాడు కుర్రాడు" అన్నాడు.

టిల్డా లేచి నిలబడింది. మొహం ఎర్రగా ఉంది. ఇప్పుడు ఆమె ఆ తలుపులోంచి వెళ్లిపోతే ఇక తిరిగి రాదు. లీడ్స్ బస్సుకి వెళ్తుంది, అది ఆమెకి సరైన బస్సే అవుతుంది. మైకు తుడవకుండానే పట్టుకున్నాను.

"భయపడ్డాను," అన్నాను. "పుల్ల పడకపోతే వీళ్లంతా తంతారని భయం. పడితే నువ్వు వెళ్లిపోతావని భయం. రెండోదే పెద్ద భయం. మూడు నెలలుగా నేను రోజూ మా ఇంటికి పోని బస్సెక్కుతున్నాను. నువ్వంటే నాకు చచ్చేంత ఇష్టం టిల్డా. ఈ ఆల్బమ్ కంటే ఇష్టం."

జనం గుండెల మీద చేతులు పెట్టుకున్నారు. మా ఊళ్లో అంతకన్నా పెద్ద మాట లేదు.

టిల్డా కళ్లు చిట్లించింది. "మొత్తం ఆల్బమ్ కంటేనా?"

అక్కడ ఆగొచ్చు. బుద్ధున్నవాడైతే ఆగేవాడు.

"అయిదో పాట ఒక్కటీ," అన్నాను, "ఆలోచించుకోవాలి."

పుల్ల ఆమె చేతిని వదలడం నేను చూశాను. గాల్లో తిరుగుతూ రావడం కూడా చూశాను. కళ్లజోడు తీసి పాడటం నా అలవాటు కాబట్టి అది నా ఎడమ కనుబొమని నేరుగా తాకింది. "అబ్బా" అని మూలిగాను, మైకులో.

"నీ మొహం మండ," అంది టిల్డా.

జనం అనలేదు. ఏటా అరిచే ఆ మాటని ఆ ఏడు ఒక్కడూ అరవలేదు, నోళ్లు తెరుచుకుని చూస్తుండిపోయారు. టిల్డా కూచుని, ఉన్న ఒక్క పుల్లతోనే రెట్టింపు వేగంతో మొదలుపెట్టింది. ఆ తరవాత పైకప్పు లేచిపోయింది. నేను ఒక కంట్లోకి రక్తం కారుతుంటే మిగతా పాటంతా పాడాను. అంత బాగా ఎప్పుడూ పాడలేదు. కోపం తగిలితే గొంతు బావుంటుందని అప్పుడు తెలిసింది.

* * *

పబ్ వంటింట్లో రెగ్ గారు నా నుదుటి మీద ఐసు బఠాణీల ప్యాకెట్ పెట్టి పట్టుకున్నాడు. నెవిల్ తల లోపలికి పెట్టి, "వచ్చే ఏడాది నుంచి ఇలాగే విసరాలి," అన్నాడు.

"చస్తే విసరను," అంది టిల్డా. వాడు తల బయటికి తీసేసుకున్నాడు.

రెగ్ గారు ప్యాకెట్ ఎత్తి చూశాడు. "కుట్లు పడతాయి. మచ్చ ఉండిపోతుంది. అడిగినవాళ్లకి సైకిల్ మీంచి పడ్డానని చెప్పుకో."

"మనకి సైకిల్ ఎప్పుడుంది రెగ్?" అంది లినెట్ గారు గుమ్మంలోంచి.

నేను ఆయన కనుబొమ వైపు చూశాను. టిల్డా కూడా చూసింది. ఇద్దరం ఒకేసారి లినెట్ గారి వైపు తిరిగాం.

"అమ్మమ్మా, చెమట అన్నావు."

"చెమటా లేదు, నా తలకాయా లేదు. విసిరాను," అంది ఆవిడ. "రికార్డు చేసే కుర్రాడు ఎదురుగా కూచున్నాడు. మధ్యలో అద్దం కూడా లేని గది. నేను ఒళ్లు హూనమయ్యేలా వాయిస్తుంటే, పాట మధ్యలో చెయ్యి ఊపి ఏమన్నాడో అడుగు."

రెగ్ గారు నేల చూశాడు. "కొంచెం నవ్వు బంగారం, అన్నాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. శ్రామికవర్గం నిట్టూర్పు నా నుదుటి మీద బఠాణీలు పట్టుకుని నిలబడి ఉంది. ఆ ఒక్క మూలుగు మీద ప్రొఫెసర్ అధ్యాయం రాశాడు.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?" అంది టిల్డా.

"దెబ్బ తగిలాక కూడా రెండోరోజు పువ్వులు పట్టుకుని వచ్చాడు, తలకి కట్టుతో. ఆ సంగతి మా ఇద్దరిదీ. ఊరిది కాదు." లినెట్ గారు నా దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని దెబ్బని పరీక్షగా చూసింది. "గురి నాకంటే బావుంది పిల్లకి. బాబూ, మంగళవారం పాఠానికి రా. ఈసారి పాస్ చేయిస్తాను. ఇంటల్లుడు ఎంతకాలం బస్సుల్లో తిరుగుతాడు?"

ఆవిడ రెగ్ గారి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లింది. బఠాణీల ప్యాకెట్ ఇప్పుడు టిల్డా చేతికొచ్చింది. కాస్త గట్టిగానే నొక్కింది.

"అయితే," అంది, "అయిదో పాట సంగతేంటి? ఆలోచించుకున్నావా?"

ఆమె రెండో చేతిలో రెండు పుల్లలూ ఉన్నాయి. ఒకదానికి నా రక్తం.

"ఆలోచించుకున్నాను," అన్నాను. "నువ్వే."